ఉత్తర సముద్రపు ఎండుచేప

క్రీ.శ. 793 జూన్ 8వ తేదీన ఇంగ్లాండు ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ అనే చిన్న ద్వీపానికి సముద్రం మీదుగా కొన్ని ఓడలు వచ్చాయి. వాటిలో నుండి దిగినవారు అక్కడి క్రైస్తవ మఠాన్ని దోచుకొని, సన్న్యాసులలో కొందరిని చంపి, కొందరిని చెరపట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఐరోపా చరిత్రలో వైకింగుల యుగం ఈ దాడితోనే ఆరంభమైందని చెప్పడం పరిపాటి. అప్పటి నుండి 1066 వరకు, అంటే మూడు శతాబ్దాలకు కొంచెం తక్కువగా, నార్వే, డెన్మార్కు, స్వీడన్ ప్రాంతాల నుండి బయలుదేరిన ఈ నావికుల పేరు వింటే పశ్చిమ ఐరోపా ఉలికిపడేది. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే దాన్ని అక్షరబద్ధం చేసి మనకు అందించినవారెవరో కూడా ఆలోచించాలి. ఆనాడు విద్య మఠాలలో ఉండేది. దోపిడికి గురైనవీ మఠాలే. కత్తి పట్టి వచ్చినవాని గురించి సన్న్యాసులు గ్రంథాలలో రాసుకున్నారు గాని, తక్కెడ పట్టి వచ్చినవాని గురించి రాయవలసిన అవసరం వారికి అంతగా కలగలేదు. పైగా ఆ రెండు పనులూ ఒకే మనిషి చేసిన సందర్భాలు అనేకం. చెరపట్టిన మనుషులను మరొక రేవులో బానిసలుగా అమ్మడం కూడా ఆ వర్తకంలో భాగమే అన్న చేదు నిజాన్ని దాచవలసిన పని లేదు.

వైకింగుల ఓడలంటే మనకు చిత్రాలలో కనిపించే పొడవైన, సన్నని యుద్ధనౌకలే గుర్తుకు వస్తాయి. సరకులు మోయడానికి వారికి వేరొక నమూనా ఉండేది. దాన్ని ‘క్నార్’ అనేవారు. 1962లో డెన్మార్కులోని రోస్కిల్డె పట్టణం దగ్గర సముద్రపు పాయలో మునిగి ఉన్న ఓడలను వెలికితీసినప్పుడు అటువంటిది ఒకటి దొరికింది. 11వ శతాబ్దిలో నార్వే పశ్చిమ తీరంలో తయారైన ఆ ఓడ పొడవు సుమారు 16 మీటర్లు. ఇరవై టన్నులకు పైగా బరువు మోయగలిగిన ఆ ఓడను నడపడానికి పదిమంది కూడా అవసరం లేదు. యుద్ధనౌకలో తెడ్లు వేసేవారే చోటంతా ఆక్రమిస్తారు. ఈ ఓడలో ఆ చోటు సరకుది. ఆ సరకు ఏమిటన్నదే ఈ పాఠానికి విషయం.

తొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో ఇంగ్లాండులోని వెసెక్స్ రాజ్యాన్ని ఆల్ఫ్రెడ్ రాజు పాలిస్తున్నాడు. వైకింగులతో జీవితమంతా యుద్ధాలు చేసిన రాజు అతడు. అటువంటి రాజు కొలువుకు క్రీ.శ. 890 ప్రాంతంలో ఒట్టర్ అనే నార్వే వర్తకుడు వచ్చాడు. శత్రుదేశీయుడని రాజు అతణ్ణి తరిమివేయలేదు. కూర్చోబెట్టి కబుర్లు అడిగాడు. ఒట్టర్ చెప్పిన మాటలను కొలువులోని లేఖకులు రాసుకొని, ఆ రోజులలో ఇంగ్లీషులోకి అనువదిస్తున్న ఒక ప్రపంచ చరిత్ర గ్రంథంలో చేర్చారు. ఒక వైకింగు తన బ్రతుకును గురించి తానే చెప్పగా విని రాసిన ఇంతటి వివరమైన వృత్తాంతం ఆ కాలం నుండి మరొకటి లభించడం అరుదు.

నార్వే దేశీయులందరిలోకీ తానే ఉత్తరాన నివసిస్తున్నానని ఒట్టర్ చెప్పుకున్నాడు. తన దగ్గర 600 పెంపుడు రెయిన్‌డీర్ జింకలున్నాయన్నాడు. ఆవులు 20, గొర్రెలు 20, పందులు 20. దున్నుకునే కొద్దిపాటి నేలను గుర్రాలతో దున్నేవాడట. అంతటి సంపన్నునికి ఇంత కొద్ది పశువులూ ఇంత చిన్న పొలమూ ఏమిటని ఆల్ఫ్రెడ్ కొలువులోని వారికి తప్పక అనిపించి ఉంటుంది. అతని అసలు సంపద నేలది కాదు. ఇరుగుపొరుగున నివసించే సామీ జాతివారు ఏటా కప్పంగా ఇచ్చే జంతువుల తోళ్ళు, పక్షి ఈకలు, వాల్రస్, సీల్ జంతువుల చర్మంతో పేనిన ఓడతాళ్ళు – ఇవీ అతని ఆదాయం. తాను మరో అయిదుగురితో కలిసి రెండు రోజుల్లో 60 తిమింగలాలను చంపానని కూడా అతడు చెప్పాడు. నావికుల మాటలను నావికుల మాటలుగానే తీసుకోవడం మంచిది. రాజుకు మాత్రం వాల్రస్ దంతాలను కానుకగా తెచ్చి ఇచ్చాడు.

ఒట్టర్ తన ఇంటి నుండి దక్షిణ నార్వేలోని కౌపాంగ్ అనే రేవుకు వచ్చేవాడు. రాత్రిళ్ళు ఒడ్డున విడిది చేస్తూ, రోజూ అనుకూలమైన గాలి వీచినా ఈ ప్రయాణానికి నెల రోజులు చాలవట. అక్కడి నుండి అయిదు రోజులు ప్రయాణిస్తే హెడెబీ. ‘కౌపాంగ్’ అన్న మాటకు అంగడి అని అర్థం. హెడెబీ అప్పటి డెన్మార్కు రాజ్యపు దక్షిణపు అంచున, నేటి జర్మనీలోని ష్లెస్విగ్ దగ్గర, బాల్టిక్ సముద్రం నుండి లోపలికి చొచ్చుకువచ్చిన ఒక పాయ చివర ఉండేది. పడమటి సముద్రానికీ తూర్పు సముద్రానికీ మధ్య ఇరుకైన భూభాగం మీద వెలసిన ఈ పట్టణంలో ఉత్తరపు తోళ్ళు, రైన్ నదీతీరపు మద్యం, ఫ్రాంకుల కత్తులు, బానిసలు, వెండి చేతులు మారేవి. వెండి ఎక్కువగా అరబ్బు దేశాల నుండి వోల్గా నదీమార్గంలో వచ్చేది. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలో 1999లో బయటపడిన ఒక్క నిధిలోనే 14 వేలకు పైగా నాణేలు దొరికాయి. వాటిలో అత్యధిక భాగం అరబ్బు దిర్హములు. ఈ మార్గాలు ఎంత దూరం విస్తరించాయో తెలియాలంటే మరొక వస్తువును తలచుకోవాలి. స్వీడన్‌లోని హెల్గో ద్వీపంలో 1956లో పురాతత్వ శాస్త్రజ్ఞులకు ఒక చిన్న కంచు బుద్ధవిగ్రహం లభించింది. అది భారత ఉపఖండపు వాయవ్య ప్రాంతంలో, క్రీ.శ. 6వ శతాబ్ది ప్రాంతంలో తయారైనదని శిల్పలక్షణాలు చెబుతున్నాయి. అది ఎన్ని చేతులు మారి ఆ మంచుదేశం చేరిందో ఊహించుకోవలసిందే.

క్రీ.శ. 965 ప్రాంతంలో స్పెయిన్‌లోని కార్డోబా రాజ్యం నుండి వచ్చిన ఇబ్రహీం ఇబ్న్ యాకూబ్ అనే యాత్రికుడు హెడెబీని చూశాడు. ఆ ఊరు అతనికి నచ్చలేదు. అక్కడివారి పాట కుక్కల అరుపు కంటే ఘోరంగా ఉందన్నాడు. ఆ వెక్కిరింపు పక్కనే అతడు మరొక మాట రాశాడు: ఆ ఊరివారి ముఖ్యాహారం చేప, ఎందుకంటే అక్కడ చేపకు కొదవ లేదు. పాటను గురించిన మాటను అందరూ ఉదాహరిస్తారు. చేపను గురించిన మాట అంతకంటే విలువైనది.

విద్యార్థులు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. వాల్రస్ దంతం, తోలు, వెండి – ఇవి విలాస వస్తువులు. ఇవి రాజులకూ మఠాధిపతులకూ చేరుతాయి. బరువు తక్కువ, వెల ఎక్కువ. ఆహారం అటువంటిది కాదు. అది బరువైనది, చౌకైనది, అన్నిటినీ మించి కుళ్ళిపోయేది. ఒక ప్రాంతపు సామాన్యుడు వేల మైళ్ళ దూరంలోని మరొక సామాన్యుడు పట్టిన ఆహారాన్ని తినాలంటే మొదట ఆ కుళ్ళడాన్ని జయించాలి. ఉత్తర నార్వే వారికి ఈ విజయాన్ని చాలావరకు ప్రకృతి ప్రసాదించింది.

ఆర్కిటిక్ వృత్తానికి ఉత్తరాన, నార్వే తీరాన్ని ఆనుకొని లోఫోటెన్ అనే ద్వీపమాలిక ఉంది. ఏటా జనవరి నుండి ఏప్రిల్ వరకు బారెంట్స్ సముద్రం నుండి కాడ్ అనే పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి అపారమైన సంఖ్యలో ఈ ద్వీపాల చెంతకు వలస వస్తాయి. అంత ఉత్తరాన సముద్రం గడ్డకట్టవలసిన మాట. కాని అట్లాంటిక్ మహాసముద్రం నుండి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల అక్కడి నీరు గడ్డకట్టదు. చలికాలంలో గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. చేప సమృద్ధిగా దొరికే నెలలూ, చేపను ఆరబెట్టడానికి తగిన నెలలూ ఒక్కటే కావడం లోఫోటెన్ అదృష్టం.

పట్టిన కాడ్ చేపకు తల తీసివేసి, పొట్ట చీల్చి శుభ్రం చేస్తారు. రెండేసి చేపలను తోకల దగ్గర జతగా కట్టి, ఒడ్డున నిలిపిన కర్రపందిళ్ళపై వేలాడదీస్తారు. చిటికెడు ఉప్పు కూడా వేయరు. మనకు తెలిసిన ఎండుచేప ఎండలో ఎండేది. ఇది చలిగాలిలో ఎండేది. ఫిబ్రవరి నుండి మే వరకు సముద్రపు గాలి దానిలోని తేమను మెల్లమెల్లగా లాగివేస్తుంది. వాతావరణం మరీ చల్లబడితే లోపలి నీరు మంచుగా మారి కండను చీల్చి పాడుచేస్తుంది. వెచ్చబడితే ఈగలు వాలి పురుగు పడుతుంది. ఈ రెండిటికీ మధ్యనున్న సన్నని సందులో లోఫోటెన్ చలికాలం ఇమిడిపోయింది. కాడ్ చేప కండలో కొవ్వు బహు స్వల్పం కావడం మరొక అనుకూలత. కొవ్వున్న చేపను ఇలా వదిలేస్తే కారుకంపు కొడుతుంది. మూడు నెలల తర్వాత చేప బరువు దాదాపు అయిదో వంతుకు తగ్గి, కట్టెలా గట్టిపడుతుంది. కట్టెల్లాగే పేర్చవచ్చు, మోపులు కట్టవచ్చు, ఓడలో నింపవచ్చు. తడి తగలకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి చెడదు. కర్రలపై ఎండినందువల్లనే దీనికి ‘కర్రచేప’ అని అర్థమిచ్చే ‘స్టాక్‌ఫిష్’ అన్న పేరు వచ్చిందని భాషావేత్తలలో ఎక్కువమంది అభిప్రాయం.

తినాలంటే మాత్రం ఓపిక కావాలి. 1393 ప్రాంతంలో పారిస్‌లో వయసు మళ్ళిన ఒక గృహస్థు చిన్న వయసు భార్య కోసం ఇంటి నిర్వహణను గురించి ఒక గ్రంథం రాశాడు. ఈ చేపను కర్రసుత్తితో ఒక గంట సేపు బాది, తర్వాత గోరువెచ్చని నీటిలో పన్నెండు గంటలు నానబెట్టాలని అందులో సూచించాడు. బాదడం తానే చేస్తానని మాత్రం ఎక్కడా అనలేదు.

ఈ ఎండుచేప మొదట్లో అంగడి సరకు కాదు. అది దూరప్రయాణాలకు దారిబత్తెం. నాయకుల ఇళ్ళలో అనుచరగణానికి చలికాలపు తిండి. లోఫోటెన్‌లోని బోర్గ్ అనే చోట తవ్వకాలలో బయటపడిన ఒక నాయకుని ఇల్లు 83 మీటర్ల పొడవుంది. అంత పెద్ద ఇంట్లో గుమికూడే వారందరికీ ఆ నేలలో పండే కొద్దిపాటి బార్లీ చాలదు. ఐస్‌లాండులో 13వ శతాబ్దిలో రాసిన ఎగిల్ సాగా అనే గద్యకావ్యం 9వ శతాబ్దికి చెందిన తోరోల్ఫ్ అనే నాయకుని కథ చెబుతుంది. అతడు తన మనుషులను లోఫోటెన్‌లోని వోగన్ రేవుకు చేపల వేటకు పంపి, పట్టిన చేపలను ఎండబెట్టించి, తోళ్ళతోపాటు ఓడకెత్తించి ఇంగ్లాండుకు పంపాడట. ఆ ఓడ గోధుమలు, తేనె, బట్టలు నింపుకొని తిరిగివచ్చిందని కథ. నాలుగు వందల ఏళ్ళ తర్వాత రాసిన కావ్యాన్ని యథాతథంగా చరిత్రగా స్వీకరించలేం. కవి తన కాలపు వ్యాపారాన్ని పూర్వకాలానికి అంటగట్టి ఉండవచ్చునన్న అనుమానం పండితులకు చాలాకాలం ఉండేది.

ఆ అనుమానానికి సమాధానం గ్రంథాలలో దొరకలేదు, చెత్తకుప్పలలో దొరికింది. హెడెబీ ప్రజలు తిని పారవేసిన చేప ఎముకలు వెయ్యేళ్ళపాటు మట్టిలో నిలిచి ఉన్నాయి. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు అక్కడి కాడ్ ఎముకల నుండి డి.ఎన్.ఎ.ను వేరుచేసి పరీక్షించారు. క్రీ.శ. 800 – 1066 మధ్యకాలానికి చెందిన ఆ ఎముకలలో కొన్ని దగ్గరలోని బాల్టిక్ చేపలవి కావనీ, ఉత్తరాన బారెంట్స్ సముద్రం నుండి లోఫోటెన్‌కు వలస వచ్చే జాతివనీ తేలింది. తాజా చేప అంత దూరం రాదు కనుక అది ఎండుచేపగానే వచ్చి ఉండాలి. ఒట్టర్ ప్రయాణించిన దారిలోనే చేప కూడా ప్రయాణించిందన్నమాట. ఇంకొక ఉపాయం కూడా ఉంది. ఎండబెట్టే చోటనే చేప తల తీసివేస్తారు కనుక, చేపను పట్టిన ఊళ్ళ చెత్తలో తల ఎముకలు ఎక్కువగా ఉంటాయి. కొనుక్కు తిన్న ఊళ్ళలో తలలు అరుదై వెన్నుపూసలు మిగులుతాయి. లండన్ నగరపు తవ్వకాలలో 13వ శతాబ్ది తొలినాళ్ళ నుండి కాడ్ తల ఎముకలు హఠాత్తుగా తగ్గి, దూరప్రాంతపు చేపల వెన్నుపూసలు పెరగడం గమనించారు. రాజుల పేర్లు లేని ఈ చరిత్రను చదవడానికి కావలసిన లిపి ఇదే.

ఇంగ్లాండులో క్రీ.శ. 1000 ప్రాంతం వరకు జనం తిన్నవి ఎక్కువగా నదుల చేపలు, చెరువుల చేపలు, తీరం దగ్గర దొరికేవి. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలలోనే సముద్రపు చేపల ఎముకలు, ముఖ్యంగా హెర్రింగ్, కాడ్ చేపలవి, ఎన్నో రెట్లు పెరిగాయి. ఎందువల్ల? ఒక కారణం మతం. క్రైస్తవ మఠాల నియమావళి నాలుగు కాళ్ళ జంతువుల మాంసాన్ని నిషేధించింది. సామాన్య ప్రజలకు కూడా శుక్రవారాలలోను, ఈస్టరు పండుగకు ముందు వచ్చే నలభై రోజుల తపఃకాలంలోను, మరికొన్ని పర్వదినాల ముందురోజులలోను మాంసం కూడదు; చేప కూడుతుంది. ఇటువంటి దినాలన్నీ లెక్కిస్తే సంవత్సరంలో మూడో వంతుకు మించుతాయి. మరొక కారణం పట్టణాలు. జనం పెరిగి, అడవులు నరికి పొలాలు చేసి, నదులకు అడ్డంగా తిరగలి మిల్లుల ఆనకట్టలు కట్టిన కొద్దీ నదుల చేపలు తగ్గాయి. ఉపవాస నియమమే అంతటికీ మూలమని కొన్ని పుస్తకాలు రాస్తాయి గాని, ఆ నియమం క్రీ.శ. 1000కి ఎన్నో శతాబ్దాల ముందు నుండి ఉన్నదే. నియమం పాతది, ఆకలిగొన్న పట్టణం కొత్తది. నా దృష్టిలో రెండవదానికే బలం ఎక్కువ. దోపిడి ఓడలు ఆగిపోయే కాలానికి ఎండుచేపల ఓడలకు గిరాకీ మొదలైంది.

నార్వే రాజులు దీన్ని త్వరగానే గుర్తించారు. 12వ శతాబ్ది ఆరంభంలో ఐస్టెయిన్ రాజు వోగన్‌లో చర్చి కట్టించి, చలికాలంలో చేపలవేటకు వచ్చేవారికి బసలు ఏర్పాటు చేశాడు. నార్వే పశ్చిమ తీరంలో 1070 ప్రాంతంలో వెలసిన బెర్గెన్ పట్టణం ఎండుచేపల వర్తకానికి కేంద్రమైంది. ఉత్తరం నుండి చేపలు వచ్చేవి. దక్షిణం నుండి ధాన్యం వచ్చేది. రెండూ బెర్గెన్‌లో కలిసేవి. 1186లో స్వెర్రే రాజు బెర్గెన్ సభలో చేసిన ప్రసంగాన్ని అతని చరిత్ర గ్రంథం భద్రపరచింది. గోధుమలు, తేనె, పిండి, బట్టలు తెచ్చిన ఇంగ్లీషువారికి అందులో కృతజ్ఞతలు చెప్పాడు. జర్మనులు మాత్రం వెన్ననూ చేపలనూ ఎత్తుకుపోయి, బదులుగా మద్యం తెచ్చి పోస్తున్నారని మండిపడ్డాడు. తాగి కొట్లాడుకుంటున్నది తన ప్రజలే అయినా తప్పు అమ్మినవానిదే అన్నాడు.

స్వెర్రే కోపం ఫలించలేదు. వందేళ్ళు తిరిగేసరికి ఉత్తర జర్మనీ పట్టణాల వర్తకులు నార్వే ఆహారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. లూబెక్ నగరం నాయకత్వంలో ఏర్పడిన ఈ వర్తక శ్రేణికి హాన్సా అని పేరు. బాల్టిక్ తీర మైదానాలలో పండే రై ధాన్యం వారి ఓడలలోనే నార్వేకు రావాలి. 1284లో వారికీ నార్వే రాజుకూ తగవు వచ్చింది. హాన్సా నగరాలు సైన్యాన్ని దింపలేదు. నార్వేకు ధాన్యం, పిండి, బీరు, కూరగాయలు వెళ్ళకుండా ఓడలు ఆపివేశాయి. దేశంలో కరవు వచ్చింది; రాజు లొంగిపోయి వారికి హక్కులు ఇవ్వవలసివచ్చింది. ఒకప్పుడు ఐరోపా తీరాలను గడగడలాడించినవారి మనుమలు పిండిమూటల కోసం తల వంచారు.

1360 ప్రాంతంలో హాన్సా వర్తకులు బెర్గెన్‌లో శాశ్వతమైన కార్యస్థానాన్ని నెలకొల్పారు. రేవు ఒడ్డున వరుసగా నిలిచిన కొయ్య ఇళ్ళలో వర్తకులు, గుమాస్తాలు, పని నేర్చుకునే కుర్రవాళ్ళు ఉండేవారు. అక్కడ ఉన్నంతకాలం పెళ్ళి చేసుకోకూడదు. అగ్నిప్రమాదాల భయంతో ఆ ఇళ్ళలో నిప్పు రాజేయకూడదు. నార్వే చలికాలంలో ఆ నియమం ఎంత కఠినమో చెప్పనక్కరలేదు. వేడి వంటకూ చలి కాచుకోవడానికీ ఉమ్మడి శాలలు వేరుగా ఉండేవి. విదేశీయులు బెర్గెన్ దాటి ఉత్తరానికి వెళ్ళి వ్యాపారం చేయకూడదని 1294లో నార్వే రాజు శాసించాడు. అందుచేత ఉత్తరపు మత్స్యకారులే ఎండుచేపలను తమ పడవలలో నింపుకొని వారాల తరబడి ప్రయాణించి బెర్గెన్ రావలసి ఉండేది.

వచ్చిన మత్స్యకారునికి వర్తకుడు ధాన్యం ఇచ్చేవాడు. తెచ్చిన చేపకు సరిపోయినంతే కాక, వచ్చే ఏటి చేపకు ముందుగా కూడా ఇచ్చేవాడు. ఇది ఉపకారమే. చేపలు సరిగా పడని ఏడు పిల్లలు పస్తులుండకుండా కాపాడినది ఆ అప్పే. అయితే అప్పు తీరేవరకు ఆ మత్స్యకారుడు మరొక వర్తకునికి చేప అమ్మరాదు. అప్పు తీరకపోతే వర్తకుడు చెప్పినదే ధర. తండ్రి అప్పు కొడుకుకు సంక్రమించేది. ఈ ఏర్పాటును కేవలం దోపిడి అని కొందరు, కేవలం సహకారం అని కొందరు వాదించారు. 1349లో మహామారి నార్వేలో ప్రవేశించి జనాభాలో సగం వరకు తుడిచిపెట్టిన తర్వాత ధాన్యం ధర పడిపోయింది; చేప ధర అంతగా పడలేదు. ఆ రోజులలో ఒక చేపకు వచ్చే ధాన్యం మునుపటి కంటే పెరిగింది. దక్షిణాన పొలాలు బీడుపడుతుండగా ఉత్తర తీరంలో కొత్త బెస్తపల్లెలు వెలిశాయి. సేద్యానికి పనికిరాని ఆ నేలలో మనుషులు స్థిరపడగలిగారంటే వర్తకుని ధాన్యమే ఆధారం. తాము పట్టిన చేపకు తాము వెల కట్టలేకపోయారంటే దానికీ ఆ ధాన్యమే కారణం. రెండు వాదాలలో ఒకదాన్నే ఎన్నుకోవలసిన పని నాకు కనిపించదు.

హెర్రింగ్ కథ వేరు. ఇది చిన్న చేప, గుంపులుగా తిరిగేది, కొవ్వు అధికం. గాలికి ఎండదు, పట్టిన ఒకరోజులోపు ఉప్పు పడకపోతే పాడవుతుంది. నేడు స్వీడన్‌లో ఉన్న స్కోనె ప్రాంతం ఆనాడు డెన్మార్కుది. అక్కడి స్కానోర్, ఫాల్‌స్టర్‌బో తీరాలకు ఆగస్టు నుండి అక్టోబరు వరకు హెర్రింగ్ గుంపులు వచ్చేవి. పడవలు కదలడానికే కష్టమయ్యేంత దట్టంగా వచ్చేవనీ, వలలు లేకుండా చేతులతోనే పట్టవచ్చుననీ 12వ శతాబ్ది చివర చరిత్రకారుడు సాక్సో గ్రమ్మాటికుస్ వర్ణించాడు. కవుల అతిశయోక్తులు చదివి అలవాటైన మనకు ఇది మరీ ఎక్కువగా తోచదు. చేప డెన్మార్కుది; ఉప్పు మాత్రం జర్మనీలోని లూనెబుర్గ్ ఉప్పుబావులది. ఆ ఉప్పు లూబెక్ చేతుల మీదుగా రావాలి. నాలుగైదు పీపాల చేపకు ఒక పీపా ఉప్పు పట్టేది. ఉప్పు ఎవరిదో చేప వారిదయింది. డెన్మార్కు రాజుతో యుద్ధం చేసి గెలిచిన హాన్సా నగరాలు 1370లో కుదిరిన స్ట్రాల్‌సుండ్ సంధిలో స్కోనె తీరపు కోటలను పదిహేనేళ్ళపాటు తమ వశంలో ఉంచుకొని, వాటి ఆదాయంలో మూడింట రెండు వంతులు తీసుకున్నాయి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్ పేరుకు ‘వర్తకుల రేవు’ అని అర్థం. అది పెరిగిన కాలమూ ఇదే. ఉప్పు హెర్రింగ్ ఎంతటి అవసర వస్తువంటే 1429 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని ఓర్లియన్స్‌ను ముట్టడిస్తున్న ఇంగ్లీషు సైన్యానికి తపఃకాలపు ఆహారంగా ఈ పీపాలను బండ్లపై తీసుకువెళుతుంటే దారిలో యుద్ధం జరిగింది. చరిత్రలో దానికి ‘హెర్రింగుల యుద్ధం’ అన్న పేరే స్థిరపడింది.

చెట్లు అరుదుగా, ధాన్యం దాదాపు శూన్యంగా ఉన్న ఐస్‌లాండులో ఎండుచేప నాణెం స్థానాన్నే ఆక్రమించింది. 15వ శతాబ్దిలో ఇంగ్లీషు ఓడలూ తర్వాత జర్మను ఓడలూ అక్కడికి వరుసకట్టాయి. పిండికీ, బట్టకీ, గుర్రపు లాడాలకీ ధరలు ఇన్ని చేపలని చెప్పుకొనేవారు. 1903 వరకు ఆ దేశపు రాజచిహ్నం మీద ఉన్నది సింహమూ కాదు, గరుడపక్షీ కాదు. కిరీటం కింద తల లేని వెండి ఎండుచేప.

1431లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ వర్తకుడు క్రీటు ద్వీపం నుండి మద్యం, సుగంధద్రవ్యాలు నింపుకొని బెల్జియం తీరం వైపు బయలుదేరాడు. తుఫానులో ఓడ పాడై, చిన్న పడవలో కొట్టుకుపోయి, 1432 జనవరిలో లోఫోటెన్ చివరి ద్వీపమైన రోస్ట్ చేరాడు. బయలుదేరిన వారిలో బ్రతికి బయటపడినవారు చాలా కొద్దిమంది. ఆ దీవి బెస్తవారు వారిని ఇళ్ళకు తీసుకుపోయి నాలుగు నెలలు పోషించారు. ఉప్పు లేకుండా గాలికి ఎండి కట్టెలా మారే చేపను, దాన్ని గొడ్డలి మడమతో బాది వెన్న కలిపి తినే విధాన్ని క్వెరీని రాసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో కొన్ని చేపలు వెంట తెచ్చుకున్నాడు. ఇటలీలోని విచెంజా ప్రాంతంలో ఈనాటికీ లోఫోటెన్ ఎండుచేపతో చేసే వంటకం ఆ ఊరి గర్వకారణం.

మధ్యయుగం ముగిసేసరికి ఈ వ్యవస్థ రూపు మారింది. స్కోనె తీరానికి వచ్చే హెర్రింగ్ గుంపులు తగ్గుముఖం పట్టాయి. ఉత్తర సముద్రంలో పెద్ద ఓడల మీదే చేపకు ఉప్పు పట్టించే డచ్చివారు ముందుకు వచ్చారు. 1497లో జాన్ కాబట్ అట్లాంటిక్ దాటి వెళ్ళిన తర్వాత న్యూఫౌండ్‌లాండ్ సముద్రపు కాడ్ ఐరోపాకు వరదలా వచ్చిపడింది. బెర్గెన్‌లోని జర్మనుల కార్యస్థానం మాత్రం 1754 వరకు కొనసాగింది. 1702 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టిన దాని కొయ్య ఇళ్ళను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

లోఫోటెన్‌లో కర్రపందిళ్ళు ఇప్పటికీ ప్రతి ఫిబ్రవరిలో నిండుతాయి. మేలురకం చేపలు ఎక్కువగా ఇటలీకి వెళతాయి. ఒకప్పుడు తీరంలోనే ఉండిపోయి నేటి పురాతత్వ శాస్త్రజ్ఞులకు సాక్ష్యంగా మిగిలిన తలలను ఇప్పుడు విడిగా తాళ్ళకు గుచ్చి ఆరబెట్టి నైజీరియాకు పంపుతారు. 1967 – 70 అంతర్యుద్ధంలో ఆ దేశపు తూర్పు ప్రాంతం ఆకలితో అలమటించినప్పుడు సహాయంగా అందిన ఆహారాలలో నార్వే ఎండుచేప ఒకటి. అక్కడి ఇగ్బో భాషలో దాన్ని ‘ఒక్పొరొకొ’ అంటారు. కుండలో ఉడికేటప్పుడు గట్టిచేప చేసే చప్పుడును బట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు.